మే నెలలో భార్యాభర్తలిద్దరం శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. వానల్లో ఇరుక్కుంటామా?

తూర్పు వైపు వెళ్తే ఇరుక్కోరు.

మీది విజయనగరమనీ, కొండలూ సముద్రం చూడాలి, బాగా నడవాలి, షాపింగ్ అక్కర్లేదనీ రాశారు. ట్రావెల్స్ ఆయన మే వద్దు, డిసెంబరుకి ఆగమన్నాడనీ రాశారు. ఆయన మాట పట్టించుకోకండి. ఆయన అమ్మే ప్యాకేజీలో కొలంబో, బెంటోట, గాలె తప్ప ఇంకేమీ ఉండదు, అందుకే ఆ భయం. నైరుతి రుతుపవనం మేలో తడిపేది పడమటి తీరాన్ని. మధ్యలో కొండలు అడ్డం ఉన్నాయి కాబట్టి వాన చాలావరకు అటే కురిసిపోతుంది. ఇటు త్రింకోమలీ, నిలావేలి, పాసికుడా, అరుగం బే మే నుంచి సెప్టెంబరు దాకా ఎండగా, అలలు లేకుండా ఉంటాయి (అరుగం బేలో అలలుంటాయి, సర్ఫింగ్ వాళ్లంతా అక్కడే). డిసెంబరులో వెళ్తే ఈ తూర్పే తడుస్తుంది. కాబట్టి మన వేసవి సెలవులకి సరిగ్గా సరిపోయే దేశం అది. ఈ ముక్క ఏ ప్యాకేజీ కాగితంలోనూ రాయరు.

నాకెలా తెలుసంటే, మేం వెళ్లొచ్చాం. మాది ఉద్దానం, కవిటి దగ్గర. నేనూ మా ఆవిడా ఇద్దరం టీచర్లం, మాకు వేసవి తప్ప సెలవుల్లేవు. పలాసలో రైలెక్కి చెన్నై, అక్కడి నుంచి విమానంలో గంటన్నర. ఈటీఏ (లంక వెళ్లడానికి అనుమతి) అంతకుముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. "ఈ ఎండల్లో ఊటీ ఎళ్లక లంక ఏటండీ" అని స్టాఫ్ రూంలో అందరూ ఒకటే నవ్వు. ఊటీలో మే నెలంతా ట్రాఫిక్‌లో కూర్చోవడం వాళ్ల సరదా, కాదనను.

కొండ రైలు గురించి అందరూ చెబుతారు, కాబట్టి పొట్టిగా చెప్తాను. నాను ఓయ నుంచి ఎల్ల దాకా ఎక్కండి. మనదీ వాళ్లదీ ఒకే బ్రాడ్‌గేజి. మన కొత్తవలస–కిరండూల్ లైన్లో శిమిలిగూడ 996 మీటర్ల ఎత్తని గొప్పగా చెప్పుకుంటాం కదా, అక్కడ పట్టిపొల స్టేషను 1,890 మీటర్లు. కిటికీ అద్దం లేని సెకండ్ క్లాసులో కూర్చుంటే తేయాకు ఆకు మొహానికి తగులుతుందా అన్నంత దగ్గర. కానీ తలుపు దగ్గరికి మాత్రం పోలేం. అక్కడ రీల్స్ తీసుకునేవాళ్లు వంతులు వేసుకుని బయటికి వేలాడుతుంటారు. ఒక జంట అయితే ఒకే పోజు కోసం రెండు స్టేషన్లు తలుపు ఖాళీ చెయ్యలేదు. ఎల్ల దగ్గర తొమ్మిది కమానుల వంతెన 1921లో కట్టారు. ఉక్కు లేదు, రాయీ ఇటుకా సిమెంటే. దాని కింద తేయాకు తోటలో దిగి నిలబడి చూడండి, పైనుంచి కాదు.

హోర్టన్ ప్లెయిన్స్ అనే కొండ మీది జాతీయ పార్కుకి తెల్లవారకముందే బయల్దేరాలి. తొమ్మిది దాటితే మంచు కమ్మేసి, 'వరల్డ్స్ ఎండ్' అనే ఆ 870 మీటర్ల లోయ బదులు తెల్లటి గోడ కనిపిస్తుంది. గేటు దగ్గర మన సంచి విప్పి పాలిథిన్ కవర్లు తీసేసుకుంటారు. నీళ్ల సీసా మీద లేబుల్ కూడా చింపేస్తారు. మా ఆవిడ చేగోడీల ప్యాకెట్టు విప్పి కాగితంలో పోసి చేతికిచ్చారు. మన అరకులో ఇలా ఒక్క వారం చేస్తే బొర్రా దారి బాగుపడుతుంది.

అసలు నేను చెప్పాలనుకున్నది సిగిరియ దాటాక మొదలవుతుంది. కాశ్యప రాజు కట్టించిన ఆ రాతి కోట ఎక్కండి, అయిదో శతాబ్దం నాటిది, మెట్లు దాదాపు 1,200. పాస్‌పోర్టు చూపించి సార్క్ (దక్షిణాసియా దేశాలవాళ్ల) టికెట్ అడగండి, ధర తక్కువ. కానీ దిగగానే ఏసీ కారెక్కి నిద్రపోకండి. మేం త్రింకోమలీకి ఆటో మాట్లాడుకున్నాం. రోడ్డుకి రెండు వైపులా చెరువులు, వరి మళ్లు, కొబ్బరి, పనస. దగ్గర్లోని మిన్నేరియ చెరువు మూడో శతాబ్దంలో మహాసేనుడు తవ్వించినది, ఈనాటికీ దాని కింద పంట పండుతోంది. "ఏటండీ ఇది, ఇంటికెళ్లిపోతున్నట్టుంది" అంది మా ఆవిడ. పొలాల్లో చెట్ల మీద చిన్న గుడిసెలు కట్టి ఉన్నాయి, రాత్రిళ్లు ఏనుగుల కాపలాకట. మన పార్వతీపురం, కొమరాడ రైతులు ఒకసారి చూడాల్సినవి.

హబరణ దాటాక ఒక ఊళ్లో డ్రైవరు "ఫైవ్ మినిట్స్ సర్" అని ఆపాడు. బౌద్ధ గుడి గోడ పక్కన రేకుల షెడ్డు, లోపల నీళ్ల ఫిల్టరు మిషను, బయట ఒకే కుళాయి. వరసగా తెల్ల క్యాన్లు. సైకిలు క్యారియరు మీద ట్యూబుతో బిగించి కట్టిన క్యాను పట్టుకుని ఒక పెద్దాయన నిలబడ్డాడు. పాదాలు వాచి చెప్పులో సగమే పట్టాయి. ఎడం మోచేతి కింద నరం ఉబ్బి, తాడు ముడిలా మెలికలు తిరిగి ఉంది. నేను చెరువు ఫొటో తీస్తున్నాను. మా ఆవిడ ఆ చెయ్యి చూసి ఆటో దిగిపోయింది.

"డయాలసిస్?" అని అడిగింది డ్రైవర్ని. అతను ఆశ్చర్యపోయాడు. "మేడం డాక్టరా?"

డాక్టరు కాదు. మా మావయ్యకి, అంటే వాళ్ల నాన్నగారికి, అదే చేతికి అదే ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసేది) ఉండేది. మా ఊళ్లో ఆ చెయ్యి చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు.

డ్రైవరు మధ్యలో మాట అందిస్తుంటే మా ఆవిడ ఆయనతో చాలాసేపు మాట్లాడింది. వరి రైతు. మొదట్లో నొప్పీ లేదు, ఏమీ లేదు, తెలిసేసరికి కిడ్నీలు రెండూ పోయాయి. నీళ్లు రోజుకి ఎన్ని గ్లాసులు తాగనిస్తున్నారని ఈవిడ అడిగితే, ఆయన చేత్తో కొలత చూపించాడు. మీ దేశంలో కూడా ఉందా అని ఆయన అడిగాడు. "దేశం ఏటి, మా ఇంట్లోనే" అంది, తెలుగులోనే. డ్రైవరు ఎలా చెప్పాడో తెలియదు కానీ పెద్దాయనకి అర్థమైంది. క్యాను మూతలో కాసిని నీళ్లు పట్టి ఆవిడ చేతికిచ్చాడు. తాగి "మన పలాస నీళ్ల కంటే చప్పగా ఉన్నాయి" అని నాకు రిపోర్టు.

ఆ ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతుల్లో ఈ కిడ్నీ జబ్బు 1990ల నుంచి బయటపడుతూ వచ్చింది. మన ఉద్దానంలోనూ ఇంచుమించు అప్పుడే. అక్కడా ఇక్కడా షుగరు, బీపీ లేనివాళ్లకే వస్తోంది, అక్కడా ఇక్కడా కారణం ఇంకా తేలలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ అంటారు, పురుగుమందులంటారు, ఎండలో నీళ్లు తాగకుండా కష్టం చెయ్యడమంటారు. డాక్టర్లకి తేలలేదు కానీ నా అనుమానం మాత్రం నీళ్ల మీదే. కొబ్బరి, వరి, చెరువు, ఉక్కపోత అన్నీ ఒకటైన రెండు చోట్ల ఒకే జబ్బు ఊరికే వస్తుందా? మనకి 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చారు. మంచిదే. కానీ అక్కడ గుడి పక్కన ఊరివాళ్లే వంతులు వేసుకుని కడిగి తుడిచి నడుపుకునే ఆ చిన్న షెడ్డు ఉంది చూశారూ, అది నాకు నచ్చింది. మా వీధి నీళ్ల ప్లాంటు మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయించాలో తేలక నెలలు గడిచిపోయాయి. ఇదంతా మీరు అడగలేదు, నాకు తెలుసు. కానీ 'రావణుడి గుహ' చూసి తిరిగొచ్చేవాళ్లు వేలల్లో ఉన్నారు, ఆ షెడ్డు దగ్గర ఆగినవాళ్లు ఎవరూ కనపడలేదు, అందుకని రాశాను.

ఇక త్రింకోమలీలో కోనేశ్వరం గుడి సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ అంచున ఉంటుంది, సాయంత్రం వెళ్లండి. ఊళ్లో జింకలు మేకల్లా తిరుగుతుంటాయి. పిజన్ ఐలాండ్‌లో నీళ్లలో తల ముంచితే పగడాలు, చేపలు. మా ఆవిడకి ఈత రాదు, లైఫ్ జాకెట్ వేసుకుని దిగింది. బయటికి రమ్మంటే రాలేదు.

తిండికి ఇబ్బంది లేదు, రూపాయికి వాళ్లవి మూడు పైనే వస్తాయి. ఇడియాప్పం, అప్పం, పనసకాయ కూర అన్నీ దొరుకుతాయి. శాకాహారులైతే పోల్ సంబోల్ జాగ్రత్త. చూడ్డానికి మన కొబ్బరి పచ్చడే, లోపల మాల్దీవ్ ఎండుచేప పొడి కలుపుతారు. మాకు పండగే, శనివారం మాత్రం ఆవిడ ముట్టలేదు. వాళ్ల నారింజ రంగు బొండాం తంబిలి తియ్యగానే ఉంటుంది కానీ మీగడ విషయంలో ఉద్దానం కాయ ముందు నిలవదు. తిత్లీ తుపానుకి తోటలకి తోటలు పోయినా ఈ మాట మీద మా ఊరివాళ్లం వెనక్కి తగ్గం.

తుపానంటే గుర్తొచ్చింది, 2025 నవంబరులో దిత్వా తుపాను కొండ రైలు మార్గాన్ని బాగా దెబ్బతీసింది. టికెట్లు కొనేముందు మీకు కావలసిన స్టేషన్ల మధ్య రైలు నడుస్తోందో లేదో కనుక్కోండి. ఇంకొకటి, మేలో వెసాక్ (మన బుద్ధ పౌర్ణమి) పడేలా చూసుకోండి. ఊరంతా కాగితపు లాంతర్లు, వీధి వీధినా దన్సల్ అని ఉచిత భోజనాలు, పరాయివాళ్లనీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి కూర్చోబెడతారు. ఆరోజు మద్యం షాపులు మాత్రం మూసేస్తారు, హోటల్లో కూడా పొయ్యరు. మీ వారికి ముందే చెప్పి తీసుకెళ్లండి.