చేర్చుకున్నవారి పక్షాన చదువు

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కుటుంబాన్ని గురించి, పరాయివారిని తమవారిగా చేసుకోవడాన్ని గురించి వ్రాసిన నవలలంటే నీకు ప్రాణమనీ, అయితే పుస్తకం మూసిన వారానికి ఏడ్చిన సంగతి తప్ప కథ గుర్తుండడం లేదనీ వ్రాశావు. స్నేహితులు వాటిని ఏడుపు పుస్తకాలంటూ వెక్కిరిస్తున్నారని కూడా అన్నావు. ఆ వెక్కిరింపును పట్టించుకోకు; బెంగాలీ నవలాకారుడు శరత్‌చంద్ర ఛటర్జీని, అదే మన శరత్‌బాబును, చదివినవాళ్ళం మా కాలంలోనూ ఆ మాట పడ్డాము. మరపు సంగతి మాత్రం ఆలోచించదగినది.

ఇటువంటి నవలల్లో మన చూపు సహజంగా ఆశ్రయం పొందిన పాత్ర మీదనే, ముఖ్యంగా దిక్కులేని పిల్ల మీదనే, నిలిచిపోతుంది. నీవు ఈసారి చేర్చుకున్నవారి పక్షాన నిలబడి చదువు. ఎల్. ఎం. మాంట్‌గమరీ 1908లో ప్రచురించిన 'యాన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' నీ దగ్గర ఉన్నదన్నావు కనుక దానితోనే మొదలుపెట్టు. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో సేద్యం చేసుకునే మాథ్యూ, మరిల్లా అనే పెళ్ళికాని అన్నాచెల్లెళ్ళు పొలం పనికి ఆసరాగా మగపిల్లవాడు కావాలని కబురు చేస్తే, పొరపాటున ఆడపిల్ల వస్తుంది. మరునాడే మరిల్లా ఆ పిల్లను తిప్పి పంపే ఏర్పాటు కోసం బండి కట్టుకుని బయలుదేరుతుంది. వెళ్ళిన చోట ఒకావిడ తన పిల్లలను చూసుకోవడానికి యాన్‌ను వెంటనే తీసుకుపోతానంటుంది. తల ఊపితే మరిల్లా బరువు తీరిపోతుంది; కాని పనివాళ్ళను పీడించే మనిషని ఆ అడిగినావిడకు పేరున్నది, ఎదుట పిల్ల ముఖం పాలిపోయి ఉన్నది. మరిల్లా ఏదో సాకు చెప్పి యాన్‌ను వెనక్కు తీసుకువస్తుంది. అప్పటికి ఆమెలో ఉన్నది జాలి, కొంత బాధ్యత. నీవంటే నాకు ప్రేమ అని నోరు తెరిచి చెప్పడానికి ఆమెకు మాథ్యూ మరణం దాకా పడుతుంది. ఆ రెండు ఘట్టాల నడుమ మరిల్లా ఏయే పేజీలో ఎంత మెత్తబడిందో పెన్సిలుతో అంచున గుర్తు పెట్టుకుంటూ పో. గ్రంథాలయం పుస్తకమైతే వేరే కాగితం మీద వ్రాసుకో, వాళ్ళ చేత తిట్లు తినకు.

ఆ తరువాత శరత్ 'బిందుగారబ్బాయి' చదువు. మూలం 1914లో పుస్తకంగా వచ్చింది. మూర్ఛలతో బాధపడే తోడికోడలు బిందు ఒడిలో అన్నపూర్ణ తన పసివాడిని పడవేస్తుంది, రాబోయిన మూర్ఛ ఆగిపోతుంది. అప్పటినుంచి వాడు బిందు బిడ్డే. బిందు మొండితనం, కోపం నిన్ను లాక్కుపోతాయి, ఆ పాత్ర కట్టడమే అటువంటిది. అయినా కన్నకొడుకు పెంపకంలో తన మాట చెల్లకపోయినా సర్దుకుంటూ వచ్చిన అన్నపూర్ణ ఏ చోట ఇక సహించలేకపోయిందో, ఆమె నోట వచ్చిన ఏ మాట ఇంటిని రెండు చేసిందో వెతుకు. చివరి కలయిక కంటే నాకు ఆ తగవే విలువైనదిగా తోస్తుంది. తగవుకు ఇద్దరి వైపునా న్యాయం ఉంటేనే కలయికకు బలం. చెడ్డ అత్త ఆఖరి ప్రకరణంలో హఠాత్తుగా మంచిదైపోయే నవలలు నీకు బోలెడు దొరుకుతాయి, అవి రైలు ప్రయాణానికి చాలు.

ఒక్క జాగ్రత్త చెబుతాను. నవలలోని వదినతో మీ వదినను పోల్చి చూడకు. ఆ వదినకు రచయిత తోడున్నాడు, మీ వదినకు ఉదయం ఎనిమిదింటికి బస్సున్నది.

శరత్ 'నిష్కృతి' ఆధారంగా 1957లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 'తోడికోడళ్ళు' చిత్రం వచ్చింది. ముందు నవల చదివి, తరువాతనే సినిమా చూడు. సినిమా ముందు చూస్తే చదువుతున్నంతసేపూ నటుల ముఖాలే కనిపిస్తాయి, పెద్ద తోడికోడలిని నీవు నీకై ఊహించుకునే అవకాశం పోతుంది. రెండూ అయ్యాక ఆమె విషయంలో ఎవరు ఎక్కువ న్యాయం చేశారనుకుంటున్నావో నాకు వ్రాయి.

ఇట్లు,
మీ అత్తయ్య