పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఊటకుంటకు చోటు చూసేదెలా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర మా ఊళ్లో కొందరు రైతులం కలిసి ఊటకుంట (వాన నీటిని భూమిలోకి ఇంకించే కుంట) కట్టించుకోవాలనుకుంటున్నాం. ఇస్రో పటాల వెబ్‌సైటు భువన్ నుంచి 30 మీటర్ల గడుల ఎత్తుల సమాచారం దింపుకుని, పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వాలు, వాగులు, నేల, భూవినియోగం పొరలను ఒకదానిపై ఒకటి పరిచి మార్కులు వేశాను. ఊరి చెరువుకు ఎగువనున్న నల్లరేగడి పల్లానికి అన్నిటికంటే ఎక్కువ వచ్చాయి. పెద్దవాళ్లు మాత్రం చెల్కల (ఎర్ర ఇసుక నేలల) నడుమ ఒర్రె (చిన్న వాగు) మీద కట్టమంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, దేవరకొండ ప్రాంతం

జవాబు: పెద్దవాళ్ల మాటే వినండి. పటంలో పొరపాటు మార్కుల దగ్గర జరిగింది. నీటిని నిలబెట్టుకోవడానికా, భూమిలోకి ఇంకించడానికా అన్నది ముందు తేల్చుకోవాలి. నీటిని నిలబెట్టుకునే సేద్యపు కుంటకు బంకమట్టి మేలు కనుక నల్లరేగడికి ఎక్కువ మార్కులు పడతాయి. ఊటకుంటకు అదే నేల పనికిరాదు, అక్కడ నీరు నెలల తరబడి నిలిచి ఎండకు ఆవిరైపోతుంది. మీరు వాడిన మార్కుల పట్టిక బహుశా సేద్యపు కుంటల కోసం తయారైనది.

ఒర్రెకు ఎంత నీరు వస్తుందో లెక్కగట్టడానికి కర్వ్ నంబరు పద్ధతి వాడతారు. నేల రకాన్ని, పైనున్న పంటను బట్టి ఒక అంకె వేసుకుంటే, పడిన వానలో ఎంత పారుతుందో అది చెబుతుంది. ఒకే రోజు 60 మి.మీ. వాన పడిందనుకోండి: అంకె 80 అయితే సుమారు 20 మి.మీ. పారుతుంది, 70 అయితే 10 మి.మీ. మాత్రమే. 40 హెక్టార్ల పరీవాహకానికి ఇది 8,000 ఘనపు మీటర్లకు, 4,000 ఘనపు మీటర్లకు ఉన్న తేడా. అంటే నేల రకం తప్పుగా రాసుకుంటే కుంట రెండింతలు పెద్దదై సగం ఎండి ఉంటుంది.

ఎత్తుల సమాచారంలో 30 మీటర్ల గడి ఒక్కొక్కటి 900 చదరపు మీటర్లు, అంటే దాదాపు తొమ్మిది గుంటల నేలకు ఒకే ఎత్తు. నాలుగు మీటర్ల వెడల్పున్న ఒర్రె అందులో కనిపించదు. పైగా వాగుల దారి గీసే ముందు సాఫ్ట్‌వేర్ ఆ ఎత్తుల లెక్కలో గుంతలన్నిటినీ పూడ్చేస్తుంది. ఆ పూడికలో మీ ఊరి పాత కుంటలూ కలిసిపోతాయి. అందుకే 1:50,000 టోపోషీటు (సర్వే పటం) నుంచీ, గ్రామ నక్షానుంచీ చెరువులు, శిఖం (చెరువు లోపలి భూమి), మత్తడి (అలుగు) కాలువలు మీరే గీసి మరో పొరగా వేసుకోవాలి. అలా గీస్తే మీ పల్లం చెరువుల గొలుసుకట్టులో ఎక్కడుందో తెలుస్తుంది: అక్కడ కట్ట వేస్తే ఊరి చెరువుకు వచ్చే నీటికే అడ్డం, ఆయకట్టు రైతులతో తగాదా తప్పదు.

ఇంకొక పొర మీరు వేయలేదు, మన ప్రాంతంలో అదే ముఖ్యం. ఇక్కడ అడుగున గ్రానైట్, నైస్ రాళ్లు. నీరు పైనున్న శిథిల పొరలోనూ (చివికిన రాతిలోనూ), రాతి పగుళ్లలోనూ ఉంటుంది. వేసవి ఉపగ్రహ చిత్రంలో చుట్టూ ఎండిన చెల్కల మధ్య తిన్నగా సాగిన పచ్చటి చార కనిపిస్తే అక్కడ పగులు ఉండవచ్చు. గుండ్రటి నల్లరాళ్లు వరుసగా పేర్చినట్టుండే సన్నటి బోడు కనిపిస్తే అది డోలరైట్ డైక్ (కరిగిన రాయి పగులులోకి చొచ్చి గట్టిపడిన గోడలాంటి రాయి) కావచ్చు. అది చాలాచోట్ల భూగర్భ జలానికి అడ్డుకట్టలా పనిచేస్తుంది కనుక కుంటను దానికి ఎగువన కట్టాలి. అయితే మీ రైతుల బావులు దిగువన ఉంటే, డైకు పగిలి ఉంటే తప్ప, వాటికి పెద్దగా ఫలితం అందదు. ముందు బావులన్నిటినీ జీపీఎస్‌తో గుర్తించండి.

పెద్దవాళ్లు చూపిన చోట మోకాలి లోతు గుంత తవ్వి, నీళ్లు నింపి ఇంకనివ్వండి. రెండోసారి నింపి, గంటకు ఎన్ని సెంటీమీటర్లు దిగిందో స్కేలుతో రాసుకోండి. పల్లంలోనూ ఇదే చేస్తే తేడా మీకే కనబడుతుంది.

ప్రశ్న: మర్రిగూడ వైపు మా బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంది. ఊటకుంటతో తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ఫ్లోరైడ్ రాతిలోని ఖనిజాలనుంచి కరిగి వస్తుంది. కుంటకు దిగువన, దగ్గరగా ఉన్న తక్కువ లోతు బావుల్లో వాన నీరు చేరి కొంత పలచబడవచ్చు. లోతు బోర్ల విషయంలో ఆ ఆశ పెట్టుకోవద్దు. తాగే నీటిలో భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి ప్రతి బావి నీటినీ పరీక్షింపజేసి, ఆ అంకెలను పటం మీద వేయించండి. కుంట చోటు ఎంచుకునేటప్పుడు అవి కూడా ఒక పొర.