బొద్దుగా ఉంటే ముద్దే, మరి కీళ్లకో?

పెంపుడు జంతువులు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా లాబ్రడార్‌కు ఏడేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. 38 కిలోలుంది. డాక్టరు గారు 30కి దించమంటున్నారు. మా కంటికి మాత్రం బొద్దుగా, ముద్దుగానే ఉంది. నిజంగా అంత ఎక్కువా?

జవాబు: రోజూ చూసే కంటికి తేడా తెలియదు. చేత్తో చూడండి. మీ ఎడమచేతిని అరచేయి నేలవైపు ఉండేలా చాపి, దాని పైభాగాన్ని కుడిచేతి వేళ్లతో మెల్లగా తడమండి. పల్చటి చర్మం కింద ఎముకలు ఒక్కొక్కటిగా తెలుస్తాయి. కుక్క పక్కటెముకలు కూడా అలాగే తగలాలి. పిడికిలి బిగించి కణుపులు తడిమినట్టు ఉంటే బక్కచిక్కినట్టు. అరచేతిలో బొటనవేలి కింది కండలా మెత్తగా ఉండి, ఎముక కోసం వేళ్లతో నొక్కి వెతకాల్సి వస్తే కొవ్వు పట్టినట్టే. తర్వాత పైనుంచి చూడండి, పక్కటెముకల వెనక నడుము సన్నబడాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కాళ్ల వైపు పైకి లేచి ఉండాలి. జూలు ఒత్తుగా ఉండే జాతులకు చూపు పనికిరాదు, చేయే కొలబద్ద.

పశువైద్యులు దీనికే 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. 4, 5 సరైన ఒళ్లు. 5 దాటాక ప్రతి మార్కుకూ సుమారు 10 శాతం అదనపు బరువు. మీ కుక్క 30 కిలోల మీద పాతిక శాతానికి పైగా ఎక్కువుంది, అంటే 8 దగ్గర. డాక్టరు గారు చెప్పింది అతిగా ఏమీ లేదు. 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా చేసి, జతలో ఒకదానికి జీవితాంతం పాతిక శాతం తక్కువ తిండి పెట్టిన అధ్యయనం ఒకటుంది. 2002లో ఫలితాలు వెలువడ్డాయి. తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్లు బతికితే, రెండోవి 11.2 ఏళ్లు బతికాయి. తక్కువ తిన్నవాటికి కీళ్లవాతం మందుల అవసరం కూడా ఆలస్యంగా వచ్చింది.

ప్రశ్న: తిండి తగ్గించమంటారు సరే, ఎంత పెట్టాలో ఎవరూ చెప్పరు. ప్యాకెట్ మీది పట్టిక చూసి పెట్టొచ్చా?

జవాబు: ఎక్కువమంది పొరపడేది ఈ పట్టిక దగ్గరే. 38 కిలోల కుక్కకు 38 కిలోల గడి చూసి పెడితే, ఆ 38ని పోషించినట్టే. పైగా ఆ అంకెలు బాగా తిరిగే కుక్కను దృష్టిలో పెట్టుకుని వేసినవి. లెక్క ఎప్పుడూ చేరాల్సిన బరువుకే కట్టాలి.

ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ చాలు. పై ప్రశ్నలోని లాబ్రడార్‌నే తీసుకుందాం. 30ని మూడుసార్లు గుణించండి: 30 × 30 × 30 = 27,000. వర్గమూలం మీట రెండుసార్లు నొక్కితే 12.8 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే సుమారు 900. బరువు తగ్గే రోజుల్లో ఆ కుక్కకు రోజంతటికీ ఇవ్వాల్సిన కిలోక్యాలరీలు ఇవే. ఇందులో 10 శాతం, అంటే 90, ట్రీట్లకు విడిచిపెట్టండి. మిగిలిన 810 భోజనం. ప్యాకెట్ మీద 100 గ్రాములకు 350 కిలోక్యాలరీలని ఉంటే రోజుకు 230 గ్రాములు. దాన్ని రెండు మూడు పూటలుగా పంచండి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. మామూలు డ్రై ఫుడ్‌లో మాంసకృత్తులు, విటమిన్లు పూర్తి మోతాదులో తినే కుక్కకు సరిపోయేలా కలుపుతారు. ఆ ఫుడ్‌నే బాగా కోసేస్తే క్యాలరీలతో పాటు అవీ తగ్గుతాయి, కొవ్వు బదులు కండ కరుగుతుంది. ఇప్పుడు పెడుతున్న దాంట్లో ఐదో వంతుకు మించి తగ్గించాల్సి వస్తే, బరువు తగ్గడానికే చేసిన ఫుడ్‌కు మారడం మేలు. వాటిలో మాంసకృత్తులు, పీచు ఎక్కువ, క్యాలరీలు తక్కువ. 100 గ్రాములకు 300 ఉన్నదైతే అదే 810కి 270 గ్రాములు వస్తుంది. గిన్నె కాస్త నిండుగా కనిపిస్తుంది, కుక్కకన్నా మీకే ఎక్కువ ఊరట. మార్పు మాత్రం వారం రోజుల మీద కొత్తదాని పాలు పెంచుకుంటూ చేయండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి.

వారానికి శరీర బరువులో 1 నుంచి 2 శాతం తగ్గితే సరైన వేగం. 38 కిలోల కుక్కకు మొదట్లో 380 నుంచి 760 గ్రాములు. ఎనిమిది కిలోలు దిగడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఎదిగే పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి, పాలిచ్చేవాటికి ఈ లెక్క వర్తించదు. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునే కుక్కకైతే డాక్టరును అడగకుండా ఒక్క గ్రాము కూడా మార్చొద్దు. తిండి మారితే ఇన్సులిన్ మోతాదూ మారాలి.

ప్రశ్న: రెండు నెలలుగా కప్పుతో కొలిచే పెడుతున్నాం. ఒక్క గ్రాము తగ్గలేదు.

జవాబు: ముందు ఆ కప్పు పక్కన పెట్టి వంటింటి తూకం తీసుకోండి. అదే కప్పును తలగొట్టి నింపినదానికీ, గోపురంగా నింపినదానికీ బోలెడు తేడా. ఇంట్లో ముగ్గురు పెడితే మూడు కొలతలు. చిన్న కుక్కలకు ఇది ఇంకా ప్రమాదం. 5 కిలోల కుక్కకు పై లెక్కలో రోజుకు వచ్చేది 234 కిలోక్యాలరీలే. 10 గ్రాములు పొరపాటున ఎక్కువ పడితే 15 శాతం పెరిగినట్టే.

రెండోది, గిన్నె బయట పడేవి. టీస్పూన్ నూనె లేదా నెయ్యి 45 కిలోక్యాలరీలు. టేబుల్‌స్పూన్ పీనట్ బటర్ 95. గుడ్డు 70. మాత్ర వేయడానికి చుట్టిన చీజ్ ముక్క, మనం తింటూ అందించే ముద్ద, పక్కింటి వాళ్ల బిస్కట్లు, పళ్లు శుభ్రపడతాయని ఇచ్చే నమిలే కర్రలు, అన్నీ లెక్కలోకి రావాలి. పొద్దున్నే ఆ రోజు గ్రాములు తూచి ఒక డబ్బాలో పోయండి. ఎవరు ఏది పెట్టాలన్నా అందులోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. విడిగా ఏదో ఇవ్వాలనిపిస్తే కీరా, క్యారెట్ ముక్కలు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి) కలిపిన తియ్యని పదార్థాలు మాత్రం విషం.

రెండు కుక్కలుంటే వేర్వేరు గదుల్లో పెట్టి, పావుగంటలో గిన్నెలు తీసేయండి.

ఇవన్నీ సరిచేశాక కూడా రెండు వారాలు ముల్లు కదలకపోతే, మరో 5 నుంచి 10 శాతం తగ్గించాలి. అంతకుమించి తెగించి కోయొద్దు.

ప్రశ్న: రోజూ మూడు కిలోమీటర్లు నడిపిస్తున్నాను. అది చాలదా?

జవాబు: చాలదు. నడకలో కిలో బరువుకు కిలోమీటరుకు ఖర్చయ్యేది సుమారు ఒక కిలోక్యాలరీ. 30 కిలోల కుక్క మూడు కిలోమీటర్లు నడిస్తే 90 చిల్లర. పైన చెప్పిన ఒక్క స్పూన్ పీనట్ బటర్‌తో అది చెల్లు. నడక మానమని కాదు. కండ నిలబడేది, కీళ్లు బిగుసుకోకుండా ఉండేది దానివల్లే. కాకపోతే బరువు తగ్గేది గిన్నెలో.

బాగా లావైన కుక్కను పరిగెత్తించకండి, బంతి విసిరి గెంతించకండి. పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదు నిమిషాలు పెంచండి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులను ఎండ లేనప్పుడే తిప్పాలి. అవి రొప్పి ఒళ్లు చల్లబరుచుకోలేవు. ఇప్పటికే కుంటుతున్న కుక్కకు ఓ మంచి మాట: బరువులో 6 శాతం దిగేసరికే కుంటడం తగ్గినట్టు పరిశీలనల్లో తేలింది.

ప్రశ్న: తిన్న పది నిమిషాలకే వచ్చి మొహంలోకి చూస్తూ కూర్చుంటుంది. కడుపు మాడ్చినట్టు అనిపిస్తోంది.

జవాబు: ఆ చూపు ఎప్పుడూ ఆకలిదే కానక్కర్లేదు, పలకరించమనీ కావచ్చు. లాబ్రడార్లలో మాత్రం సుమారు నాలుగో వంతుకు పీవోఎంసీ అనే జన్యువులో లోపం ఉన్నట్టు 2016లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ లోపం ఉన్నవాటికి భోజనాల మధ్య ఆకలి తీరదు. వాటి విషయంలో జాలి పడాల్సిందే, లొంగకూడదు. అదే తిండిని నాలుగు పూటలు చేయండి. గిన్నెలో పోయకుండా గడ్డిలో చల్లండి, లేదా దొర్లిస్తే గింజ గింజ రాలే బొమ్మలో వేయండి. రెండు నిమిషాల భోజనం ఇరవై నిమిషాలవుతుంది.

ప్రశ్న: తినేది పిసరంత, లావు మాత్రం ఆగడం లేదు.

జవాబు: తూచి చూశాక కూడా అదే మాటైతే రక్త పరీక్ష చేయించండి. మందకొడితనం, చలికి తాళలేకపోవడం, రెండు పక్కలా సమానంగా వెంట్రుకలు ఊడటం ఉంటే థైరాయిడ్ తగ్గిందేమో చూడాలి. నీళ్లు తెగ తాగి, మాటిమాటికీ మూత్రం పోస్తూ, కాళ్లు సన్నబడి పొట్ట వేలాడుతుంటే కుషింగ్స్ జబ్బును (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ అతిగా ఉండటం) అనుమానించాలి. దురదకు వాడే స్టెరాయిడ్లు, మూర్ఛకిచ్చే ఫినోబార్బిటాల్ కూడా ఆకలి పెంచుతాయి. అయినా వాటిని సొంతంగా ఆపొద్దు, మూర్ఛ మందైతే అసలే వద్దు.

ప్రశ్న: చేరాల్సిన బరువుకు చేరింది. ఇక పాత తిండికి వెళ్లొచ్చా?

జవాబు: పాత తిండే పాత బరువు తెచ్చింది. ఇప్పటి మోతాదుకు 10 శాతం కలిపి రెండు వారాలు చూడండి. ఇంకా తగ్గుతుంటే మరో 10 శాతం. బరువు నిలిచిన చోట ఆగండి. ఆపరేషన్ అయిన కుక్కకు, పైన లాబ్రడార్ లెక్కలో వచ్చిన 900ను 1.6తో గుణించాలని పుస్తక లెక్క చెబుతుంది కానీ, లావు తగ్గిన కుక్కల్లో చాలావాటికి అంత అక్కర్లేదు. ఆ తర్వాత నెలకోసారి, అదే తూకం మీద, పొద్దున తిండికి ముందు తూచండి. చిన్నదైతే ఎత్తుకుని మీరు తూకమెక్కి, తర్వాత మీ బరువు తీసేస్తే సరి. 30 కిలోల మీద ఒక కిలో పెరిగిందంటే ఆ నెలలోనే గ్రాములు సరిచేయండి. అప్పుడైతే రెండు మూడు వారాల పని.