ఉత్సాహం రెండు రోజులకే చల్లారుతోంది

ప్రశ్న: ఇంట్లోనే జొన్న మురుకులు, రాగి లడ్డూలు చేసి తెలిసినవారికి అమ్ముతున్నాను. విజేతల ప్రసంగాలు విన్నప్పుడు కలిగే ఉత్సాహం రెండు రోజులకే పోతోంది. వ్యాపారం ఎక్కడ నేర్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ప్రసంగాలు గెలుపును చూపినంతగా దాని వెనుక పనిని చూపవు కనుక, విజేతల తొలి సంవత్సరాలను చదవండి. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డి అంతకుముందు ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి, వేరే మందుల కంపెనీలు నడిపి ఆ రంగం లోతుపాతులు తెలుసుకున్నారు. నా దృష్టిలో మీకు పనికివచ్చేది ఆ అధ్యాయమే.

మీ సరుకు చిరుధాన్యాలది కావడం అదృష్టమనే చెప్పాలి. రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ, కొత్త వ్యాపారాలకు అండగా నిలిచే తన విభాగం న్యూట్రీహబ్ ద్వారా ఈ రంగంలోని కొత్త వ్యాపారులకు శిక్షణ, సాంకేతిక సహాయం అందిస్తోంది. పిండి మరపట్టడం మొదలుకొని నిల్వకాలం, ప్యాకింగ్ వరకు మీ సందేహాలన్నీ అక్కడ అడగవచ్చు. వ్యాపారం చేయదలచిన మహిళలకు సాయపడేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2018లో ప్రారంభించిన వీ హబ్‌ను, యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల జాతీయ శిక్షణ సంస్థను కూడా సంప్రదించండి. జమాఖర్చుల పాఠాలు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘స్వయం’ పోర్టల్‌లో ఉచితంగా వినవచ్చు. ధ్రువపత్రం కావాలంటేనే పరీక్ష రుసుము కట్టాలి. కోటీశ్వరులను చేస్తామంటూ వేలకు వేలు అడిగే శిబిరాల జోలికి మాత్రం వెళ్లకండి.

ఈలోగా కిలో మురుకులకు నూనె, గ్యాస్, ప్యాకింగ్, మీ శ్రమ కలిపి ఎంతవుతుందో రాసుకుని, ఆ కాగితంతోనే శిక్షకుల దగ్గరకు వెళ్లండి.