చిన్నాకి, ఆ టిక్కు తీసే ముందు

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నీ జీతంతో నువ్వే కంప్యూటర్ కొనుక్కున్నావని చెప్పి, అదే ఊపులో "స్విచ్ వేయగానే పాస్‌వర్డ్ గీస్‌వర్డ్ లేకుండా నేరుగా తెరుచుకునేలా పెట్టుకుంటాడట" అంది. మొదటి మాటకి కళ్లు చెమర్చాయి. రెండో మాటకి గుండె గుభేలుమంది. రాత్రంతా ఆ రెండో మాటే. ఫోన్‌లో చెబితే "సరే సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకని రాస్తున్నాను.

వద్దనను. నువ్వొక్కడివే ఉండే గదిలో, బల్ల మీంచి కదలని డెస్క్‌టాప్‌కి రోజూ పొద్దున్నే పాస్‌వర్డ్ కొట్టడం విసుగే. లాప్‌టాప్ అయ్యుంటే ఇంత ఉత్తరం రాసేదాన్ని కాదు, "వద్దు" అని ఒక్క ముక్క రాసి ఊరుకునేదాన్ని. సంచిలో తిరిగే వస్తువు ఎక్కడ మర్చిపోతామో ఎవరికి తెలుసు.

పని రెండు నిమిషాలది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న డబ్బాలో నెట్‌ప్లవిజ్ అని కొట్టు (ఎన్, ఇ, టి, పి, ఎల్, డబ్ల్యూ, ఐ, జెడ్). యూజర్లు పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి అన్న వరుస పక్కన టిక్కు ఉంటుంది, అది తీసి అప్లై నొక్కితే పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. అంతే. ఆ వరుసే కనిపించకపోతే కంగారు పడకు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్ ఇన్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, విండోస్ హలోతో (అంటే ముఖం, వేలిముద్ర, పిన్‌లతో) మాత్రమే లోపలికి రానివ్వాలన్న స్విచ్ ఆపేస్తే మళ్లీ కనిపిస్తుంది. టిక్కు తీశాక అడిగే చోట కొట్టాల్సింది నీ నాలుగంకెల పిన్ కాదు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్. తప్పు కొట్టినా అది అక్కడికక్కడ ఏమీ అనదు, మళ్లీ ఆన్ చేసినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో డిఫాల్ట్ పాస్‌వర్డ్ అని రాసేస్తే చాలని ఎవరైనా చెబితే వినకు. అక్కడ అది అక్షరాలా అలాగే, ఎవరు చూసినా చదువుకునేలా పడి ఉంటుంది. గుమ్మానికి తాళం వేసి, తాళంచెవి అదే గుమ్మానికి వేలాడదీసినట్టు.

ఇప్పుడు నా కథ చెబుతాను. మీ అమ్మకి సగమే తెలుసు.

2006లో నా దగ్గర విండోస్ ఎక్స్‌పీ ఉండేది. అమ్మ, అంటే మీ అమ్మమ్మ, రోజూ మధ్యాహ్నం నా పక్కన కుర్చీ వేసుకుని తన చిన్నతనం సంగతులన్నీ చెప్పేది, నేను టైప్ చేసేదాన్ని. తెలుగు టైపింగ్ కొత్త, ఒక్కో ఒత్తు కోసం కీబోర్డంతా వెతికేదాన్ని. ఆవిడ ఆగేది కాదు. "రాశావా?" అనేది, రాయకముందే తర్వాతి మాట అందుకునేది. మధ్యలో గొంతు తగ్గించి "ఇది మాత్రం మీ నాన్నకి చూపించకు" అనేది. అలాంటివి ఎక్కువయ్యాక నాకు భయం పట్టుకుని, ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఎన్‌క్రిప్ట్ చేశాను, అంటే ఇంకెవరూ తెరవలేకుండా తాళం వేశాను. ఫైళ్ల పేర్లన్నీ ఆకుపచ్చగా మారాయి. ఎంత ముచ్చటేసిందో! ఆవిడకి కూడా చూపించాను, "బావుంది, పచ్చగా" అంది.

అదే నెలలో ఆ టిక్కు కూడా తీసేశాను. ఇక చూసుకో, స్విచ్ వేస్తే చాలు, అమ్మ కుర్చీలో సర్దుకునేలోపే ఫైల్ తెరిచి ఉండేది. రెండేళ్లు ఆ పాస్‌వర్డ్ ఒక్కసారి కూడా కొట్టలేదు. పాస్‌వర్డ్ అనేది తలలో కంటే వేళ్లలో ఉంటుందిరా. పని చెప్పకపోతే వేళ్లు మర్చిపోతాయి, మనకి తెలియనైనా తెలియదు.

2008లో అమ్మ పోయింది. ఆ తర్వాత కొన్ని వారాలకి ఏదో పత్రికలో కంప్యూటర్ దొంగతనాల గురించి చదివి, ఆవిడ మాటలు ఎవరి చేతుల్లోనైనా పడతాయేమోనని ఆ టిక్కు మళ్లీ పెట్టేశాను. చూడు, అసలు కిటుకు ఇక్కడుంది. తీసేటప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది, పెట్టేటప్పుడు అడగదు. హాయిగా పెట్టేసి, ఆఫ్ చేసి పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే ఖాళీ గడి, మెరుస్తున్న కర్సరు. నా బుర్ర కూడా ఆ గడిలాగే ఉంది.

రెండు రోజులు నాకు తోచినవన్నీ కొట్టి, చివరికి రిపేర్ చేసే అబ్బాయిని పిలిచాను. సేఫ్ మోడ్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా వెళ్లి నా పాస్‌వర్డ్ మార్చేశాడు, అయిదు నిమిషాల పని. మధ్యలో తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. ఇలా చేస్తే ఈ యూజర్ ఎన్‌క్రిప్ట్ చేసుకున్న ఫైళ్లన్నీ పోతాయని అందులో స్పష్టంగా ఉంది. అతను చదవలేదు. పక్కనే నిలబడ్డ నేనూ చదవలేదు. అతన్ని ఏమంటాను? ఓకే నొక్కమని తొందర పెట్టింది నేనే.

లోపలికి వెళ్లాక ఫోల్డర్ ఉంది. ఫైళ్లు ఉన్నాయి. పేర్లు పచ్చగా ఉన్నాయి, తేదీలు ఉన్నాయి, ఎంత సైజో కూడా చూపిస్తోంది. నొక్కితే మాత్రం యాక్సెస్ డినైడ్. ఆ ఫైళ్లకి తాళం వేసిన కీ నా పాత పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంటుందని, పక్కనుంచి పాస్‌వర్డ్ మారిస్తే ఆ ముడి తెగుతుందని అప్పుడు తెలిసింది. ఇంకో కాపీ లేదు. ప్రింట్ తీద్దాం తీద్దాం అనుకుంటూనే గడిపేశాను. పాస్‌వర్డ్ మర్చిపోతే పనికొచ్చే ఫ్లాపీ ఒకటి ముందే చేసుకోవచ్చని ఎక్స్‌పీ చెబుతూనే ఉండేది, అదీ చేసుకోలేదు. ఆ రోజు మీ పెదనాన్న పిలుస్తున్నా పలకకుండా, ఆ పచ్చ పేర్లని ఒకటొకటిగా నొక్కుతూ కూర్చున్నాను.

అందుకేరా చెబుతున్నాను, నువ్వు నవ్వినా సరే: టిక్కు తీసే ముందు పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కంప్యూటర్ లేని గదిలో పెట్టు. డిస్క్ మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్‌కి రికవరీ కీ ఉంటుంది, 48 అంకెలు, అది కూడా ప్రింట్ తీసి దాంతోపాటే ఉంచు. అమావాస్యకీ పున్నానికీ ఒకసారి సైన్ అవుట్ అయి చేత్తో కొట్టి లోపలికి వెళ్లు. టిక్కు మళ్లీ పెట్టాల్సి వస్తే ముందు ఆ పరీక్ష చేసుకున్నాకే పెట్టు. రిపేర్‌కి ఇచ్చేముందు తప్పకుండా పెట్టాలి మరి, లేకపోతే వాళ్లు స్విచ్ వేయగానే నీ మెయిల్ వాళ్ల ముందుంటుంది. బిట్‌లాకర్ ఉంది కదా అనుకోకు. డిస్క్ ఊడదీసి పట్టుకెళితే అది కాపాడుతుంది. మొత్తం డబ్బానే ఎత్తుకెళ్లి ప్లగ్గు పెడితే, నువ్వు పెట్టుకున్న ఈ సౌకర్యం దొంగకీ పనిచేస్తుంది.

కంప్యూటర్ నిద్రలోంచి (స్లీప్) లేచినప్పుడు కూడా పాస్‌వర్డ్ అడగకుండా చేసుకోవాలని చూస్తావు, నాకు తెలుసు నీ సంగతి. అది వేరే సెట్టింగు, దాని జోలికి వెళ్లకు. కుర్చీలోంచి లేస్తే విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి తెరకి తాళం వెయ్యి. నీ స్నేహితులు మంచివాళ్లే, కానీ నీ మెయిల్‌లోంచి మీ బాసుకి సరదాగా ఏదో పంపడానికి చెడ్డవాళ్లే కానక్కర్లేదు.

మీ అమ్మ చెప్పిన ధర విని ఏదో అనబోయి ఆపుకున్నాను. నీ డబ్బు, నీ ఇష్టం. పక్కింటావిడకి మాత్రం రెండుసార్లు చెప్పాను.

ఒక సంగతి దాచాను. ఆ పాత కంప్యూటర్ పారేశానని మీ అందరితో చెప్పాను కానీ, బీరువా వెనక గుడ్డ కప్పి ఉంది. పాత పాస్‌వర్డే మళ్లీ పెట్టి లోపలికి వెళితే ఆ ఫైళ్లు తెరుచుకునే అవకాశం ఉందట. ఎప్పుడైనా నిద్ర పట్టకపోతే దాన్ని ఆన్ చేసి, పాస్‌వర్డ్‌ని నాకు తోచిన ఒకదానికి మార్చి, లాగాఫ్ అయి, మళ్లీ వెళ్లి, ఒక పచ్చ పేరు నొక్కి చూస్తుంటాను. అప్పుడు నువ్వు నా ఒళ్లో కూర్చుని స్పేస్‌బార్ బాదేవాడివి, కాబట్టి నీ పేరే పెట్టి ఉంటానని నా నమ్మకం. చిన్నా అని ఒక ఎన్‌తో కొట్టాను, రెండు ఎన్‌లతో కొట్టాను, చివర ఒక ఏ పెట్టాను, రెండు పెట్టాను, నీ పుట్టినరోజు కలిపాను. ఏదీ కాదు. నిన్ను అప్పట్లో ఇంకా ఏమేమి పిలిచేదాన్నో మీ అమ్మకి గుర్తుండొచ్చు. నేనడిగితే ఎందుకని ఆరా తీస్తుంది. నువ్వే ఊరికే అడిగినట్టు అడిగి, అన్నీ వరసగా రాసి పంపు.

మీ పెద్దమ్మ