బొట్టు తుడుచుకుని ఇంటికి వెళ్లడం ఇక చాలు

ప్రశ్న: మాది విశాఖలోని జ్ఞానాపురం. అమ్మ కతోలిక్, నాన్న హిందువు. నన్ను చర్చికి పంపి, జపమాల నేర్పి పెంచారు. నాన్న అడ్డు చెప్పలేదు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. చిన్నాన్న పెట్టే సంవత్సరీకానికి వచ్చి కూర్చోమని గోపాలపట్నంలో నాయనమ్మ పట్టు. వెళ్తే చర్చిలో సత్ప్రసాదానికి (కమ్యూనియన్) పనికిరావని అమ్మ. నాన్నలా సింహాచలం గిరి ప్రదక్షిణ చేయాలని నాకూ ఉంది. నాయనమ్మ ఇంట్లో మరియమాత పతకం చున్నీ కింద దాస్తాను. తిరుగు బస్సులో కంచరపాలెం రాగానే బొట్టు తుడిచేస్తాను. నేను ఎటు చెందినదాన్ని?

జవాబు: ఎటు అన్నది ఈ నెలలోనే తేల్చాలని ఎవరన్నారమ్మా? ముందు మీ అమ్మగారి సంగతి చూడండి. నాన్నగారిని దహనం చేసి ఉంటారు. నవంబరు 2న సమాధుల పండుగకి మీ వీధంతా కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తుంటే, ఆవిడ ఏ సమాధి దగ్గర నిలబడాలి? అత్తగారికి ఓ తిథి ఉంది, పిండం ఉంది, ఏడ్చే చోటుంది. ఈవిడకి మిగిలింది మీరొక్కరే. అందుకే ఆ పట్టు అనిపిస్తోంది నాకు.

జ్ఞానస్నానం (బాప్తిస్మం) లేని మనిషికి చర్చిలో పూజ (మాస్) పెట్టించకూడదని చాలామంది అనుకుంటారు. బతికున్నవారైనా పోయినవారైనా ఎవరి కోసమైనా ఫాదర్ పూజ అర్పించవచ్చని చర్చి చట్టం 901వ నిబంధనలోనే ఉంది. నాన్నగారి పేరున పూజ పెట్టిద్దామని అమ్మను మీరే అడగండి. ఆ పని మీద ఫాదర్‌గారి దగ్గరికి ఇద్దరూ వెళ్తారు కదా, సంవత్సరీకం మాట కూడా అక్కడే ఎత్తండి. కర్మ చేసేది చిన్నాన్న, మీరు కూతురిగా కూర్చుంటారు, అంతే. ఇతర మతాల్లో సత్యమూ పవిత్రమూ అయిన దేన్నీ చర్చి తోసిపుచ్చదని 1965లో వాటికన్ మహాసభే చెప్పింది. సత్ప్రసాదం విషయం తేల్చాల్సింది మాత్రం ఫాదర్‌గారే, అమ్మా కాదు, నేనూ కాదు.

నాయనమ్మ దగ్గర ఈసారి పతకం పైకే ఉంచండి. ఓ మాట అంటుంది, అననివ్వండి. కొడుకు పోయిన ముసలామె, మనవరాలిని గుమ్మంలోంచి పంపేయదు.

గిరి ప్రదక్షిణ కొండ కింద తొలిపావంచా దగ్గర మొదలై దాదాపు 32 కిలోమీటర్లు, అదీ ఆషాఢం వానల్లో. నాన్న నడిచిన దారని నడవడం ఒకటి, అప్పన్నకు మొక్కుకుని నడవడం ఇంకొకటి. మీది ఏదో మీకే తెలియాలి. మొక్కయితే ఫాదర్‌గారు వద్దనే అనొచ్చు. అప్పుడు నిర్ణయం మీది. ఏదైనా సరే, అమ్మకు చెప్పే బయల్దేరండి.