ముందు మార్కులు, తర్వాతే హోటల్

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. అమ్మని తిరుపతి తీసుకెళ్దామంటే ఏ హోటల్ బుక్ చేయాలో తేలక టెన్షన్‌గా ఉందన్నావు. ఫోన్ పక్కనపెట్టి ఒక కాగితం తీసుకో.

హోటళ్ల ఫొటోలు చూడకముందే, ఈ ప్రయాణానికి ఏం కావాలో రాసి వాటికి 10 మార్కులు పంచు. మీ అమ్మకి మోకాళ్ల నొప్పులు. నేనైతే లిఫ్టు, వెస్ట్రన్ టాయిలెట్ కలిపి 4, బస్టాండ్‌కి దగ్గరగా ఉండటానికి 3, శుభ్రతకి 2, అద్దెకి 1 ఇస్తాను. ఫొటోలు చూశాక పంచితే, నచ్చిన గదికి తగ్గట్టు మార్కులు మారిపోతాయి.

దేనికి ఎక్కువివ్వాలో తేలకపోతే రెండేసి చొప్పున పోల్చు. గణితవేత్త థామస్ సాటీ 1970లలో రూపొందించిన ఏహెచ్‌పీ (ఎనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) అనే నిర్ణయ పద్ధతిలో చేసేది ఇదే. రెండూ సమానమైతే 1, ఒకటి మరీ ముఖ్యమైతే 9. దూరం కన్నా లిఫ్టు, అద్దె కన్నా దూరం ముఖ్యమని, చివరికి లిఫ్టు కన్నా అద్దే ముఖ్యమంటే ఎక్కడో తడబడ్డట్టే. మళ్లీ ఆలోచించు.

ఇప్పుడు ఒక్కో హోటల్‌కి ఒక్కో విషయంలో పదికి ఎంతో వేసి, దాన్ని ఆ విషయానికి ముందు పంచిన మార్కులతో హెచ్చవేసి, అన్నీ కూడు. బస్టాండ్ పక్కనే చవక హోటల్ ఉందనుకో: సౌకర్యం (లిఫ్టు, టాయిలెట్) 2, దూరం 9, శుభ్రత 7, అద్దె 9. మొత్తం 58. కాస్త దూరంగా ఉన్నదానికి వరుసగా 9, 5, 7, 5. మొత్తం 70. అమ్మకి రెండోదే. అదే నువ్వు స్నేహితులతో వెళ్తే అద్దెకి 5, దూరానికి 3, శుభ్రతకి 2 ఇస్తావు. అప్పుడు చవకదానికి 86, రెండోదానికి 54!

పదుల కొద్దీ హోటళ్లుంటే, అన్నిటిలో మేలైనదానికి ఏది దగ్గరో, నాసిరకానికి ఏది దూరమో లెక్కగట్టే టాప్సిస్ లాంటి పద్ధతులున్నాయి. మూడు నాలుగింటికి ఈ కూడిక చాలు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఒక లోటుని మిగతా మార్కులు కప్పేస్తాయి. మీ నాయనమ్మని తీసుకెళ్లినప్పుడు అద్దె, దూరం చూసి మురిసిపోయి లిఫ్టు లేని చోట మూడో అంతస్తులో దిగాను. ఒక్కో మెట్టూ ఆవిడ గోడ పట్టుకుని ఎక్కడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. లిఫ్టు లేనిదాన్ని లెక్కలోకే రానివ్వకు, కొట్టెయ్.

బస్టాండ్ దగ్గరి శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదుటి విష్ణు నివాసం టీటీడీవే. వాటికీ మార్కులు వేసి చూడు. డబ్బు కట్టేముందు ఫోన్ చేసి, కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా అని అడుగు.

మీ పెదనాన్న